మేకు లేని పీట

తిరుపతి, మంగళవారం

ఉద్యోగం మానేసి, సరదాగా నేర్చుకున్న వడ్రంగంతోనే బతకాలనుకున్నాక నా పీటలు అమ్మిపెడతానన్నది అంగడి సుబ్బరామయ్య ఒక్కడే. పూజకు కూర్చునే పీటలో ఇనుము ఉండకూడదని నేను కొయ్య చీలలతోనే బిగిస్తాను. ఒక్కోదానికి రెండు రోజులు పడుతుంది. ఆయన వారానికి ఇరవై అడుగుతున్నాడు.

“మేకులు కొట్టేయప్పా. తిరగేసి ఎవురు సూస్తారు?” అన్నాడు ఈరోజు.

నమ్మి కూర్చునేవారిని మోసం చేయలేనన్నాను. అయితే వేరేచోట తెచ్చుకుంటానన్నాడు. చూపించడానికి తీసుకెళ్ళిన పీటను సంచిలో పెట్టుకొని లేచాను. మెట్లు దిగుతుంటే గొంతు తగ్గించి పిలిచాడు.

“అది ఈడ పెట్టి పో. మా ఇంట్లో వ్రతం ఉండాది.”

ఒళ్ళు మండింది. అయినా ఇచ్చి వచ్చాను. దానిమీద కూర్చోబోయే ఆయన భార్య నాకేం అపకారం చేసింది? కానీ రేపు మొదలుపెట్టే పీటను ఎవరి కోసం చేయాలో...