వాగు పక్క వరస

అరిల్యే, యుగోస్లావియా, 1978 జూలై 20

విటోమిర్ అన్నయ్యకు చెల్లెలు నమస్కరించి రాసేది. అమ్మా, నేనూ, ఆవూ కులాసా. జర్మనీ చలికి పట్టేసిన నీ నడుము ఎలా ఉందో రాయి.

అమ్మ మోకాలి గురించి అడిగావు. నువ్వు పంపిన మందుకంటే ప్లమ్ సారా మర్దనే నయమట. కాస్త లోపలికీ పోస్తోంది.

తోట సంగతి. ఈసారి వానలకు వేరుకుళ్లు వచ్చి కొండవాలంతా రాస్ప్‌బెర్రీ ఎండిపోయింది. మన పదకొండు వరసల్లో పది పోయాయి. పక్కింటి మిలాదిన్ బాబాయి కంచె మీద నుంచి, "ఆడపిల్లకి తోట అప్పగిస్తే ఇంతేనమ్మా, పొయ్యిలోకి పుల్లలు!" అన్నాడు. ఆయన తోటా పోయింది, నోరు మాత్రం పోలేదు.

వాగు పక్క వరస ఒక్కటే పచ్చగా నిలబడింది, విరగకాసింది. సోమవారం పండ్ల పరిశోధన కేంద్రం నుంచి జాగోర్కా మేడమ్ కారులో వచ్చింది. ఊరంతా చుట్టూ మూగింది. ఆమె కాడలు తడిమింది, ఆకులు తిరగేసింది, ఒక పండు నోట్లో వేసుకుంది.

"మూడేళ్లు మాకు తెలిసిన ప్రతి రకం పక్కనా పెంచి చూశాం. ఇది వాటిలో ఏదీ కాదు. ఏ పిట్ట వేసిన విత్తనమో, ఇక్కడే పుట్టింది. మా మళ్లలోనూ వేరుకుళ్లుకి లొంగనిది ఇదొక్కటే. కొత్త రకమమ్మా!"

మిలాదిన్ బాబాయి టోపీ తీసి, "తల్లీ, నాకో ఇరవై పిలకలిస్తావా?" అన్నాడు. ముందు పుల్లలు ఏరుకొమ్మన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా.

అన్నయ్యా, ఇప్పుడు అసలు మాట. వెళ్లేటప్పుడు నువ్వు "ముళ్లైనా లేని అడవి మొక్క, పీకెయ్" అన్న వరసే ఇది. పీకేశానని నీకు రాశాను. అబద్ధం. మూడేళ్ల కిందట దాని పిలకలు తడి గోనెలో చుట్టుకుని చాచక్ బస్సెక్కి, అక్కడి పరిశోధన కేంద్రంలో మేడమ్‌కి ఇచ్చి వచ్చింది నేనే. ఎన్ని ఉత్తరాల్లో చెప్పబోయి ఆగిపోయానో! నువ్వు కోప్పడితే నా చేతులతోనే పీకేస్తానేమోనని భయపడ్డాను.

రకానికి పేరేమిటని మేడమ్ కాగితం చాపింది. "ఇంటికి పెద్దాడు, అన్నయ్య పేరు రాయవే" అంది అమ్మ. కలం అందుకున్నాను. నా పేరే రాశాను. అక్షరాలు పెద్దగా, గుండ్రంగా వచ్చాయి.

కోపముంటే వచ్చి తిట్టు. ముందు పండు తిని తిట్టు.

ఇట్లు,
నీ మాట వినని చెల్లెలు,
రుమెంకా