చిన్నోడి కేసు

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. "వెనక్కి తగ్గొద్దు, న్యాయం గెలిచి తీరుతుంది" అని రాశావు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు! నువ్వక్కడ సభల్లో తమ్ముడి ఫోటో పట్టుకుని మాట్లాడతావు, జనం చప్పట్లు కొడతారు. ఇక్కడ జరిగేది కూడా విను.

అమ్మ అన్నీ మరిచిపోయింది గానీ, చిన్నోడు ప్రెస్సు నుంచి ఇంకా రాలేదేమని అడగడం మాత్రం మరవలేదు. నైట్ డ్యూటీ పడిందమ్మా అంటాను. "సరేలే, వాడి వాటా మూతపెట్టి ఉంచు" అని పడుకుంటుంది. కానీ సైనిక ప్రభుత్వం రోజుల్లో, పోస్టర్లు అచ్చేశాడని వాణ్ణి ఇంట్లోంచి ఈడ్చుకెళ్ళిన ఆఫీసరు ముఖం చూసింది ఆవిడొక్కతే. చిన్నోడు లేడని చెప్తే తప్ప ఆ రోజు ఆవిడకి గుర్తురాదు. గుర్తొచ్చిందా, ఎంతమందిలో ఉన్నా ఆ ఆఫీసర్ని వేలెత్తి చూపిస్తుంది. అందుకని ప్రతి వాయిదాకీ ముందు కూర్చోబెట్టి, చంపేశారమ్మా అని నేనే చెప్పాలి. ప్రతిసారీ కొత్తగా విన్నట్టే గుండెలు బాదుకుంటుంది. తీరా కోర్టుకెళ్తే ఆఫీసరుగారికి బీపీ పెరిగిందట, ఇంకో వాయిదా! ఆస్పత్రి లాండ్రీలో సెలవడిగితే మా సూపర్‌వైజరు "మీ తమ్ముడు ఇంకెన్నిసార్లు పోతాడమ్మా?" అంటున్నాడు.

ఎల్లుండి అమ్మని లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, కేసు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టిస్తాను. పిరికిదనుకో, అమ్ముడుపోయాననుకో. పోయినవాడు ఎలాగూ పోయాడు. ఉన్న మనిషిని ఇలా చంపుకు తినడం ఇక నా వల్ల కాదు.

విసిగిపోయిన నీ చెల్లి

*

అన్నయ్యా,

సంతకం కాలేదు.

పోస్టాఫీసులో అన్నేళ్ళు పనిచేసిన మనిషి, చదవకుండా సంతకం పెడుతుందా? ఆ సంగతి నాకే తట్టలేదు, మరపు నాకూ అంటుకున్నట్టుంది. కాగితం మొత్తం చదివింది. చిన్నోడి పేరు దగ్గర వేలు ఆపి, "ఏం కేసే ఇది?" అంది. తప్పించుకోవాలని చూశాను, వదల్లేదు. చెప్పాను. చేతులు బల్లకేసి కొట్టుకుంది. లాయరమ్మ మంచినీళ్ళిస్తే తోసేసింది. కాస్త తేరుకుని అడిగింది.

"చంపినవాడికి శిక్ష పడిందా?"

"లేదమ్మా."

"మరి మూసేయడమేంటే? నా కొడుకు పోయాడని ఇప్పుడేగా చెప్పావు! అప్పుడే కేసు మూసేస్తావా? నువ్వసలు మనిషివేనా?"

ఇన్నేళ్ళయింది, ఇంకా ఎందుకని ఊరంతా నన్నడుగుతుంది. ఆ మాట అమ్మతో ఎలా అనను? ఆవిడ ఆ కబురు విని పావుగంట కూడా కాలేదు. లాయరమ్మ కళ్ళు తుడుచుకుంటూ కాగితం చించేసింది.

కేసు నడుస్తుంది. నీ మాటే నెగ్గింది, సంతోషించు. సోమవారం మళ్ళీ వాయిదా. సభలు పక్కనబెట్టి ఆదివారానికి ఇక్కడుండు. ఈసారి అమ్మని కూర్చోబెట్టి చిన్నోడు లేడని నువ్వు చెప్పు.

నీ చెల్లి