మెలకువలో చెప్పాల్సిన మాట

శుక్రవారం, మధ్యాహ్నం
నర్సుల హాస్టలు, మేడ మీది గది

గౌరవనీయులైన బావగారికి,

మీ మరదలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ మీరు క్షేమంగా లేరని నాకు తెలుసు కనుక ఆ వాక్యం వదిలేస్తున్నాను. అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పండి. చేతిలో ఏమిటిరా అని ఆమె అడిగితే మందుల చీటీ అనండి. సగం నిజమే అవుతుంది.

ఫోను చేస్తుంటే కట్ చేస్తున్నారు. మొన్న ఒక్కసారి ఎత్తి, నిన్ను నమ్మడం నాదే బుద్ధి తక్కువ, ఆపరేషను అసలు సంగతి మీ అక్క చెవిన వేశావు, ఇక మా గుమ్మం తొక్కకు అన్నారు. నేను నోరు తెరిచేలోపే పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చేయడం కుదరదు. చించేయవచ్చు గానీ, చించే ముందు చివరిదాకా చదవండి. ఆడపిల్లకు ఇంకా చదువెందుకని మా నాన్న కేకలేసిన రోజున, పిల్ల చెప్పేది పూర్తిగా విని అప్పుడు తిట్టండి మామయ్యా అన్నది మీరే. ఆ మాటే ఇప్పుడు మీకు అప్పగిస్తున్నాను.

ముందుగా అసలు సంగతి. నేను అక్కకు చెప్పలేదు. మీరు ఆస్పత్రిలో సంతకం పెట్టిన రోజు నుంచి నాకు బావ మాత్రమే కాదు, మా థియేటరుకు వచ్చిన రోగి కూడా. రోగి గుట్టు బయటపెట్టే నర్సుకు ఆ తెల్లబట్టలు వేసుకునే హక్కు లేదు. మా ఇంట్లో బడి గడప దాటి అలాంటి బట్టల దాకా వచ్చింది నేనొక్కదాన్నే. వాటిని అంత తేలిగ్గా మాపుకోను.

మీకు అనుమానం ఎందుకొచ్చిందో తెలుసు. ఇంట్లో మీరు చెప్పిన హెర్నియా మాట నమ్మి అత్తయ్య వేడి నీళ్ళ సంచి పెడుతుంటే, అక్క దాన్ని పక్కకు తీసేసి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చింది. తర్వాత ఆ పైజామా. నడుముకు రబ్బరు లేకుండా నాడా వేసి, ముందువైపు లోపల మెత్తటి గుడ్డతో, పైకి పట్టి ఉంచేలా ఒక అర కుట్టి మీ మంచం మీద పెట్టి వెళ్ళింది. హెర్నియాకి అలాంటి పైజామా ఎవరు కుడతారే, నువ్వు చెప్పకపోతే దానికెలా తెలుసు అని మీరు అరిచారు. ఎలా తెలిసిందో చెప్పడం నా చేతుల్లో లేదు. నేను కాదని మాత్రం చెప్పగలను.

మీకు తెలిసిందే ఒకసారి ఉన్నదున్నట్టు రాస్తాను. ఎందుకంటే మీలో మీరు దాన్ని మరోలా చెప్పుకుంటున్నారని నా భయం. రెండేళ్ళ క్రితం షెడ్డులో మీరు లారీ కింద పని చేస్తుండగా జాకీ జారింది. కటి ఎముక విరిగింది. ఎముక అతికింది, దాని పక్కన దెబ్బతిన్న నరాలు మాత్రం కోలుకోలేదు. మాత్రలు పని చేయలేదు, సూదులు పని చేయలేదు. అందుకని పోయిన వారం పురుషాంగంలో ఇంప్లాంటు వేయించుకున్నారు. జరిగింది ఇంతే. ఇందులో మీ తప్పు ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించండి.

ఆ పదం మరదలి చేతిరాతలో చూసి కంగారు పడకండి. మా క్లాసులో మేడం మొదటిసారి దాన్ని బోర్డు మీద రాసినప్పుడు మేమందరం తలలు బల్లలకు ఆనించేశాం. ఆమె సుద్దముక్క కింద పెట్టి, మీరు సిగ్గుపడితే రోగి నొప్పి దాస్తాడు, దాచిన నొప్పికి మందు లేదు, ఇప్పుడు తలలెత్తండి అంది. అప్పుడు ఎత్తిన తల మళ్ళీ దించలేదు.

సర్జనుగారు బల్ల మీద నమూనా పెట్టి చూపించిన రోజు గుర్తుందా? గొట్టాలు రెండూ అంగం లోపల ఉంటాయి, ఈ తిత్తి పొత్తికడుపులో, ఈ పంపు వృషణాల సంచిలో, పంపు నొక్కితే తిత్తిలోని నీరు గొట్టాల్లోకి వస్తుంది అని ఆయన వివరిస్తుంటే, అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న మీరు తలెత్తి, అంటే హైడ్రాలిక్కే గదా సార్, సీలు లీకైతే బండి మొత్తం విప్పాలా అని అడిగారు. ఆయన పగలబడి నవ్వారు. మీరూ నవ్వారు. ప్రమాదం తర్వాత మీరు నవ్వగా నేను చూసింది అప్పుడే.

ఆ నవ్వు వరండాలోకి వచ్చేసరికి ఆరిపోయింది. మీ ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి అని ఆయన అన్నందుకు కాబోలు. గోడకు ఆనుకుని, ఏమే నర్సమ్మా, మత్తులో మనిషి కడుపులోవన్నీ కక్కేస్తాడంట, నిజమేనా అని అడిగారు. అది నిజాలు చెప్పించే మందు కాదు బావా, నిద్ర, అంతే అన్నాను. మీరు నమ్మలేదు. మెలకువ వచ్చే గదిలోకి మీ అక్కను రానివ్వనని మాటివ్వు అన్నారు. ఇచ్చాను. అక్కేమో ఆపరేషను రోజున వరండాలో బల్ల మీద, మీ చొక్కా ఒళ్ళో పెట్టుకుని, హెర్నియాకి ఇంతసేపా అని వచ్చేపోయేవాళ్ళని అడుగుతూ కూర్చుంది.

లోపల మీరు బాగానే ఉన్నారు. మత్తు డాక్టరమ్మ మందు ఎక్కిస్తూ వెనక్కి లెక్కపెట్టమంటే, మధ్యలో ఆగి, పద్నాలుగో నంబరు స్పానరు ఎక్కడ పెట్టావురా అని గదమాయించి నిద్రపోయారు. ఆమెకు ఇప్పటికీ అదే నవ్వు.

ఇక నొప్పి సంగతి. మంగళవారం డ్రెస్సింగుకు వచ్చినప్పుడు, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందో చెప్పమన్నాను. మంచం పట్టీ వంగిపోయేలా పట్టుకుని, పై పెదవి మీద చెమట పోస్తుండగా, సున్నా అన్నారు. బావా, ఆ సున్నా నేను రాసుకోలేదు. ఆ చోట వాపు, కమిలిన నలుపు, బరువు, కూర్చుంటే గుంజడం, నడిస్తే లాగడం, ఇవన్నీ ఉంటాయి. ఉండాలి కూడా. మొదటి రెండు వారాలు అందరికీ ఇంతే. ఓర్చుకుంటే మీకెవరూ పతకం ఇవ్వరు. మీరు మాత్రలు దిండు కింద దాచి మింగడం లేదని నాకు తెలుసు. హెర్నియాకి ఇన్నెందుకురా అని అత్తయ్య అడుగుతుందని భయం. పాసుకు పోతే మంటని నీళ్ళు తాగడం మానేశారని కూడా తెలుసు. నీళ్ళు తాగకపోతే మంట పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. మీరు చెప్పిన ఒక్క అబద్ధాన్ని మోయడానికి మీ ఒళ్ళు ఎన్ని పనులు చేస్తోందో చూడండి.

కాబట్టి నర్సుగా చెబుతున్నాను. నొప్పి ముదిరే దాకా ఆగకుండా మాత్రలు వేళకు, అన్నం తిన్నాక వేసుకోండి. క్రిములు చేరకుండా ఇచ్చినవి ఒక్కటి కూడా మిగల్చవద్దు. బిగువైన లోదుస్తు వేసుకుని అంగాన్ని పొట్ట వైపు పైకి ఉంచుకోవాలి. అక్క కుట్టిన అర సరిగ్గా ఆ పనే చేస్తుంది, వేసుకోండి. పంపు పైకి జరిగి అతుక్కుపోకుండా, స్నానం చేసేటప్పుడు మెల్లగా కిందికి లాగి పెట్టుకోమని సర్జనుగారు చూపించారు గదా. భయపడి మానేయకండి. దాన్ని నొక్కడం మాత్రం ఇప్పుడే వద్దు. స్కూటరు వద్దు, బరువులు వద్దు, షెడ్డుకు ఊరికే చూసొస్తానని వెళ్ళి జాకీ పట్టుకోవడం అసలే వద్దు. కొత్త ఇంజనును కొన్నాళ్ళు మెల్లగా నడపాలని మీ కుర్రాళ్ళను మీరే తిడతారు. జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా, చీము కనబడినా, పాసు ఆగినా, తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా ఏ వేళైనా సరే వచ్చేయండి. నా ముఖం చూడటం ఇష్టం లేకపోతే వేరే నర్సును పెట్టిస్తాను.

ఇప్పుడు మరదలిగా రాస్తాను. దీనికి క్లాసులో ఎవరూ పాఠం చెప్పలేదు.

ఎల్లుండి అక్కను మా అమ్మ దగ్గరికి పంపుతున్నారట. నన్ను అమ్మ చూసుకుంటుంది, నువ్వెళ్ళి రెస్టు తీసుకో అన్నారట. రెస్టు అనే మాట వెనక ఏముందో మా ఇంట్లో అందరికీ వినబడింది. నీ బతుకు నువ్వు చూసుకోరాదూ అని పోయిన ఏడాది మీరన్న మాట అక్క మరిచిపోలేదు. మా అమ్మ ఏమీ అడగకుండా అలమరలో ఒక అర ఖాళీ చేసి, తుడిచి పెట్టింది.

పెళ్ళయిన కొత్తలో అక్క నోటినిండా గుండుసూదులు పెట్టుకుని మిషను తొక్కుతూనే మీతో పోట్లాడేదని, ఆమెకు గుండుసూది అని పేరు పెట్టారు. షెడ్డు నుంచి వస్తూ వీధి మొదట్లోనే గుండుసూదీ అని కేకేసేవారు. జాకీ జారినప్పటి నుంచి ఆమె మీకు ఇదిగో, విను, అంతే. మీ మంచం వేరే గదిలోకి మారినందుకు ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆ పిలుపు పోయినందుకు ఏడవగా చూశాను.

పూర్తిగా మానాక, పంపు ఎలా నొక్కాలో నేర్పే రోజు సర్జనుగారు భార్యను కూడా రమ్మంటారు. ఒంటరిగా వస్తానని మీరు అనుకుంటున్నారు. బావా, ఎవరితో బతకడానికి ఇంత నొప్పి పడుతున్నారో ఆ మనిషిని బస్సెక్కించి, ఆ నొప్పి దేనికి దాచుకుంటారు? ఆదివారం బస్సు కదిలేలోపు ఆమెతో మీ నోటితో మీరే చెప్పండి. పొడిపొడిగా చెప్పినా చాలు. తల దించుకుని చెప్పినా చాలు.

తప్పుగా రాసి ఉంటే, చదివించిన చేతులతోనే మొట్టికాయ వేయండి. గుమ్మం తొక్కనిస్తే వచ్చి తలవంచుతాను.

మీ క్షేమం కోరే మరదలు,
నర్సమ్మ

తా. క.: ఉత్తరం మడిచాక అక్క వచ్చింది, డ్రెస్సింగు గుడ్డల కోసం. కింద వరండాలో కూర్చుని ఉంది. ఈ కవరు మీకు తెచ్చి ఇచ్చేది ఆమే. అంటించింది విప్పే మనిషి కాదు. నిజంగానే వెళ్తావా అని అడిగాను. పొమ్మంటే పోక ఏం చేస్తానే, కాకపోతే ఆయన ఇంకా వంగలేడు, నాడా ఎవరు కడతారో అంది. నేను ఇక ఆగలేక, ఆయనకు చెప్పేస్తానక్కా అన్నాను. గుడ్డలు సంచిలో సర్దుకుంటూ, నేనైతే అడగను, నువ్వు రాస్తే అడ్డుపడను అంది. అందుకే మడత విప్పి మళ్ళీ రాస్తున్నాను.

అక్కకు చెప్పింది మీరే.

మత్తు దిగుతున్నప్పుడు మీరు లేవబోయారు. మూత్రం గొట్టం పీకేయబోయారు. ఇద్దరం పట్టుకున్నా ఆగలేదు. ఇంటివాళ్ళ గొంతు వింటే సర్దుకుంటాడు, భార్యను పిలువు అని మత్తు డాక్టరమ్మ అన్నారు. మీకిచ్చిన మాట గుర్తుంది. గొట్టం లాగితే ఏమవుతుందో కూడా గుర్తుంది. పిలిచాను. అక్క వచ్చి మీ తల పట్టుకోగానే మీరు కళ్ళు తెరిచి, గుండుసూదీ, నాకు హెర్నియా కాదే అన్నారు. ఆ తర్వాత మాటలు నేను వినలేదు. అవి నావి కావని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి మీరు ఆమె చెయ్యి పట్టుకుని నిద్రపోతున్నారు. మెలకువ వచ్చాక ఇదంతా గుర్తుంటుందా అని అడిగింది. ఉండదక్కా, ఆ మందు చెరిపేస్తుంది అన్నాను. అయితే నేనూ విననట్టే ఉంటాను, తెలివిలో ఉన్నప్పుడు ఆయనే చెప్పనీ అంది. నొప్పికి ఏం పెట్టాలో, ఎలాంటి బట్ట వేయాలో మాత్రం డాక్టరమ్మను అడిగి తెలుసుకుని, మీరు కళ్ళు తెరిచేలోపు మళ్ళీ వరండాలో బల్ల మీదికి వెళ్ళి కూర్చుంది.

అవి మత్తు పుట్టించిన మాటలు కావు, బావా. రెండేళ్ళుగా మీరు పళ్ళ బిగువున ఆపినవి. మత్తు ఆ బిగువు వదిలించింది, అంతే. ఆ రోజు మీరన్నవన్నీ అక్క దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ దగ్గరే లేవు. అడిగి తీసుకోండి.