మీటరుకు తెలియని పరుగు

నవంబర్ 8
కారు కొన్నాను. పాత డీజిల్ బండి. మా అబ్బాకు ఊపిరాడనప్పుడు ఆటో కోసం రోడ్డున పడి పరిగెత్తే బాధ ఇక లేదు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది గానీ, కరెంట్ పోతే అది ఉత్త డబ్బా. అమ్మినాయన పెంచలకృష్ణ. తోటపల్లి గూడూరులో రొయ్యల చెరువులున్నాయి. మీటరు చూసుకోమ్మా, పెద్దగా తిరగలా అన్నాడు. నిజమే, చాలా తక్కువ. నా అంత తెలివైనది లేదని మురిసిపోయాను.

నవంబర్ 12
తాళం తీసినా ఇంజన్ ఆగలేదు. తాళం నా చేతిలో, బండి గుర్రుమంటూ ఎదురుగా. వీధిలో కరెంట్ లేదు. కరెంట్ రాగానే దానంతట అదే ఆగింది.

నవంబర్ 13
ఏదో అలా కుదిరింది, అంతే.

నవంబర్ 19
మళ్లీ అలాగే. కరెంట్ వచ్చేదాకా ఆగలేదు.

మెకానిక్ హెన్రీ అన్న బానెట్ ఎత్తి నవ్వాడు. ఇది రోడ్డు మీద తిరగలా షమా, చెరువు గట్టున నిలబడే తిరిగింది అన్నాడు. కరెంట్ పోయినప్పుడు రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లకు ఈ ఇంజన్ నుంచే బెల్టు వేసేవాళ్లట. చక్రం కదలదు, మీటరూ కదలదు. ఇంజన్ మాత్రం అరిగిపోయింది. సొంత ఆయిలునే డీజిల్‌లా తాగుతోందట, అందుకే తాళానికి లొంగదు. ఆయిలు అయిపోతే బిగుసుకుపోద్ది, దూరం పోబాకు అన్నాడు. మరి కరెంట్ రాగానే ఎందుకు ఆగుతోందంటే మాట మార్చాడు. పెంచలకృష్ణను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

నవంబర్ 30
తుపాను. స్తంభాలు కూలాయి. నెల్లూరు రోడ్డు మునిగింది, అంబులెన్స్ రాలేనంది. హెన్రీ అన్న బండిని ఇంట్లోకి పొగ రానంత దూరంలో నిలిపి, బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించి, మిషన్‌కు వైరు లాగాడు. ఇంజన్ తిరిగినంతసేపే అబ్బాకు గాలి. నేను తాళం పెట్టకముందే అది స్టార్టయింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. భయం వేసింది. దండం పెట్టాలనీ అనిపించింది.

డిసెంబర్ 1
డీజిల్ కోసం హెన్రీ అన్న పడవలో వెళ్లాడు. ఇంకా రాలేదు.

సాయంత్రం
ట్యాంకులో చుక్క లేదు. ఆయిలు చూసే పుల్ల పొడిగా వచ్చింది. ఇంజన్ తిరుగుతోంది.

అబ్బా మాస్కు పక్కకు జరిపి, పాపం అది అలసిపోయింది, ఇక ఆపమ్మా అన్నారు. మాస్కు మళ్లీ పెట్టి బయటికి వెళ్లాను. బానెట్ మీద చెయ్యి వేశాను. ఇంజన్ తిరుగుతూనే ఉంది, అయినా చల్లగా ఉంది. ఇంకొంచెం సేపు, అని బతిమాలాను.