ఇంటికి ఒక్కరే

జూన్ 12, గురువారం

పొడి వచ్చింది. నెలకు సరిపడా ప్యాకెట్లు. తెల్లవి, పేరు లేదు, మీద నంబరు మాత్రమే. తెచ్చింది శిరీష, పరిశోధన తరఫున ఇల్లిల్లూ తిరిగే అమ్మాయి. మీర్‌పేట్ నుంచి స్కూటీ మీద వస్తుంది. మాట కోస్తా వాళ్లది.

"రోజుకో ప్యాకెట్ అండి. గ్లాసుడు మజ్జిగలో, పరగడుపున. మీరొక్కరే తాగాలి సుజాత గారూ."

ఆ మాట అన్నప్పుడు భాగ్య గడపలో నిలబడి ఉంది. నా తోటికోడలు. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు, ఇద్దరికీ ఒకటే రోగం — కీళ్లవాతం. అసలు ఈ పరిశోధన సంగతి మంచాల పోయే బస్సులో విని వచ్చింది తనే. నన్ను దవాఖానకు లాక్కెళ్లిందీ తనే. ఆ రోజు ఇద్దరి నెత్తురూ తీశారు. పేరు మాత్రం నాది రాసుకున్నారు. ఇంటికి ఒక్కరేనట. పెద్దదాన్ని కదా, కుర్చీలో ముందు నేను కూర్చున్నాను.

డాక్టరు చెప్పింది ఇంతే అర్థమైంది — ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్ల మీద పడుతోంది. పేగుల్లో బతికే సూక్ష్మజీవులకూ దానికీ ఏదో సంబంధం ఉంది. తిండితో వాటిని మారిస్తే అది దారికొస్తుందేమో చూడాలి. ప్యాకెట్లు రెండు రకాలు. ఒకటి అసలు మందు పొడి, ఇంకోటి ఉత్త పిండి. ఎవరికేది వెళ్లిందో ఆయనకూ తెలియదట.

కత్తెర పట్టి రెండేళ్లు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. ఒక్క జాకెట్ కత్తిరించగలిగితే చాలు. ఇంకేం అడగను.

జూన్ 13

మజ్జిగ కలిపాను. భాగ్య పాలు పోసి వచ్చి నా వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. సర్దాల్సిన గిన్నెలేం లేవు. ఇటు చూడడం లేదు పాపం, చాలా కష్టపడి చూడడం లేదు. గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. ఒకరు మింగుతుంటే ఇంకొకరు చూస్తూ నిలబడడం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఇంకో గ్లాసు తీసి సగం పోశాను.

"వద్దక్కా. నీకిచ్చిండ్రు గది."

"తాగు. లొల్లి వెట్టకు."

తాగింది. జర పుల్లగుంది అంది. ఇద్దరం నవ్వాం.

జూన్ 17

పిడికిలి ముడుచుకోలేదు. తలుపు గొళ్లెం మోచేత్తో తీశాను. డబ్బాల మూతలు గట్టిగా బిగించొద్దని ఆయనకు మళ్లీ చెప్పాను. వింటాడా…

జూన్ 19, గురువారం

శిరీష ఖాళీ కవర్లు లెక్కపెట్టుకుంది. సరిపోయాయి. సరిపోవా మరి, ప్యాకెట్ అయితే ఒక్కటే కదా చింపేది — అదీ పళ్లతో.

తర్వాత తిండి షీటు. నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారు, ఎంత తిన్నారు. అన్నం ఎన్ని గరిటెలు. పప్పు గట్టిదా, పలచనా. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. చివర — "పొడి మొత్తం మీరే తాగారు కదండీ?" తాగిన అన్నాను. టిక్కు పెట్టుకుంది.

ఇక పరీక్షకు ఇవ్వాల్సిన ఆ మలం డబ్బా. శిరీష వచ్చేదాకా చల్లగా ఉంచాలట. ఆయన నిన్ననే తేల్చేశాడు. "గది ఫ్రిజ్జుల వెడితే నేను ఈ ఇంట్ల బువ్వ తినను." బకెట్లో ఐసు పోసి పెరట్లో దాచాను. భాగ్య కాపలా కాసింది, కుక్కలు రాకుండా.

జూన్ 30

ఏమీ లేదు. రాయడానికీ లేదు.

జూలై 10

పట్నం దవాఖాన. నెత్తురు పరీక్ష. వాపు తగ్గలేదు. "ఇంకా టైముంది లేమ్మా" అన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో కిటికీ రాడ్ పట్టుకోలేక బ్రేకు పడినప్పుడల్లా పక్కావిడ మీద పడ్డాను. ఆమె నా వేళ్లు చూసింది.

జూలై 18

ఎదురింటి లక్ష్మి బోనాలకని జాకెట్ గుడ్డ తెచ్చింది, పాత అలవాటు కొద్దీ. నా చేతిలో పెట్టింది. పెట్టాక గుర్తొచ్చినట్టుంది. "తొందరేం లేదు లే వదినా" అంటూ మళ్లీ తనే తీసుకుంది. గుడ్డ మంచి ఆకుపచ్చ. చంక కింద ఎంత వదలాలో కూడా కళ్లతోనే కొలిచేశాను.

ఆగస్టు 2

పొద్దున్నే కొట్టం నుంచి కేక. "అక్కా, జర ఇటు రా! జల్ది రా!"

బర్రె తన్నిందేమో అని పరుగెత్తాను. భాగ్య రెండు చేతులతో పాలు పిండుతోంది. రెండు చేతులతో. చెంబులో ధారలు చప్పుడు చేస్తున్నాయి. గత చలికాలం నుంచి మరిదే పిండుతున్నాడు.

"సూడు, బొటనేలు వంగుతుంది. గా పొడే అక్క. గా పొడే!"

ఏడుస్తూ నవ్వుతోంది. నేనూ నవ్వాను. నిజంగానే సంతోషపడ్డాను, ఒక్క క్షణం. తర్వాత వంటింట్లోకి వచ్చి నా చేతులు చూసుకున్నాను. ఉబ్బిన కణుపులు, పక్కకు తిరిగిన చిటికెనవేలు. నా సగం ఏమైంది?

ఆగస్టు 4

నాకు అసూయ. దానికి ఇంకో పేరు లేదు. ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్యాకెట్ నాది. సగం ఇవ్వకపోతే నాకూ వంగేదేమో బొటనవేలు. ఆ సగమే తక్కువైందేమో. నాకు అందాల్సింది తన చేతుల్లోకి పోయి పాలు పిండుతోందేమో…

ఆగస్టు 5

చేశాను.

జొన్నపిండి దోరగా వేయించాను. చల్లారాక వంటింట్లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి పెట్టాను. భాగ్య పాలు పోసి వచ్చేసరికి రెండు గ్లాసులూ సిద్ధం. ఒకదాంట్లో ప్యాకెట్ మొత్తం — నాది. ఒకదాంట్లో చెంచాడు జొన్నపిండి, బాగా పులిసిన మజ్జిగలో. రుచి చూస్తే నాకే తేడా తెలియలేదు.

తాగింది. మూతి తుడుచుకుంది. "నీ రుణం ఎట్ల తీర్సుకోవాలె అక్క" అంది.

ఆగస్టు 6

మళ్లీ.

ఆగస్టు 14, గురువారం

శిరీష వచ్చింది. "మొత్తం మీరే తాగారు కదండీ?" తాగిన అన్నాను. మొదటిసారి నిజం చెప్పాను. ఇదీ నా నిజం.

ఆగస్టు 30

పూర్తి ప్యాకెట్ మొదలుపెట్టి మూడు వారాలు దాటింది. పొద్దున గంటన్నర దాకా వేళ్లు కొయ్య. వేడినీళ్లలో ముంచితే కాస్త. అంతే, ఇదివరకు ఎంతో ఇప్పుడూ అంతే.

సెప్టెంబర్ 6

వాడకట్టు మగవాళ్లంతా బాలాపూర్ గణేశుడి లడ్డు వేలం చూడ్డానికి పోయారు. ఇంట్లో మేమిద్దరమే. భాగ్య సొరకాయ తరిగింది. కత్తిపీట మీద, సన్నగా. నేను చూస్తూ కూర్చున్నాను. నెల దాటింది తనకు ఉత్త పిండి పోస్తూ. తగ్గుతుందని చూస్తున్నాను — తన చెయ్యి మళ్లీ బిగుసుకుంటుందని. అదే చూస్తున్నాను రోజూ, దాచడమెందుకు. బిగుసుకోవడం లేదు.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ. పోయినేడు ఇద్దరం అరుగు మీద కూర్చుని వాడకట్టు ఆడవాళ్లు పేరుస్తుంటే చూశాం. ఈసారి భాగ్య పేర్చింది. గునుగు కట్టలు కట్టింది, తంగేడు వరసలు తిప్పింది. దారం పళ్లతో కాదు, వేళ్లతో ముడేసింది.

ఏడు వారాలు కావొస్తోంది. ఆమె తాగుతున్నది మా ఇంటి జొన్నపిండి.

"మస్తు పవరుంది అక్క గా పొడికి" అని అందరి ముందూ చెప్తోంది. ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు. "గట్లనా సుజాత? మాకు గిట్ల ఇప్పియ్యరాదు?"

స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పుకున్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో… రెండూ వచ్చాయి.

సెప్టెంబర్ 23

మొదట్లో తాగిన సగం ప్యాకెట్లే పనిచేశాయా? తను రోజూ వేసుకునే కీళ్ల మాత్రలా? పొడి మీద నమ్మకమా? నమ్మకమే అయితే నేను నమ్మలేదా? నాకంటే ఎక్కువ ఎవరు నమ్మారు?

ఎవరినడగను. అడగదగ్గ మనిషి ఒక్క డాక్టరు. ఆయనకే కదా జూన్ నుంచి అబద్ధం చెప్తున్నాను.

అక్టోబర్ 2

దసరా. ఆఖరి ప్యాకెట్ నిన్నటితో అయిపోయింది. భాగ్య మొహం వాడిపోయింది. "ఇగ నా చేతులు మల్ల పాతగనే అయితయా అక్క?" ఆ మొహం చూడలేకపోయాను. "కొన్ని మిగిల్తె దాచిపెట్టిన" అన్నాను. నా చెయ్యి కళ్లకద్దుకుంది. ఈ చెయ్యి!

అక్టోబర్ 4

దవాఖాన. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించాడు. వేళ్ల దగ్గర ఎముక అరిగింది. "వంగిన వేళ్లు ఇక సాపు కావమ్మా. ఇంకా వంగకుండా చూసుకుందాం. పొడి మీ మీద పనిచేసినట్టు లేదు." నాకిచ్చింది ఏ రకం సార్ అనడిగాను. అందరివీ పూర్తయ్యాకే తెలుస్తుందట.

ఇంటికొచ్చి మిషన్ మీద దుప్పటి తీశాను. చక్రం మీద చెయ్యి వేశాను. మళ్లీ కప్పేశాను. ఆయన చూశాడు. "ఏమన్నరు?" అనడిగి, నేను చెప్పకముందే బయటికి పోయాడు.

అక్టోబర్ 9, గురువారం

శిరీష ఆఖరిసారి వచ్చింది. పెద్ద ఫారం. ఒక్కో ప్రశ్నా చదువుతోంది. "మీ ప్యాకెట్ ఇంట్లో ఇంకెవరైనా తాగారా అండి?"

లేదు అన్నాను. సంతకం చేయబోయాను. పెన్ను చేతిలో కుదురుకోవడానికి నాకు టైము పడుతుంది. ఆ కాస్త టైములోనే వెనక నుంచి భాగ్య గొంతు —

"సగం నేను తాగిన మేడం. మొదటి దినం నుంచి. అక్కదేం తప్పు లేదు, నా బాధ సూడలేక పోసింది. రాస్కోండ్రి. నాకు మంచిగైందని రాస్కోండ్రి. మందిల ఎందరికో ఉన్నది గీ రోగం, ఆళ్లకైన పనికొస్తది."

రెండు చేతులూ చాపింది. పిడికిలి మూసింది, తెరిచింది.

శిరీష మొహం పాలిపోయింది. "అయ్యో సుజాత గారూ… నాలుగు నెలలండీ… ఒక్కసారైనా చెప్పాల్సింది." తర్వాత ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసింది.

నా నాలుగు నెలలూ లెక్కలోంచి తీసేస్తారట. డబ్బాలు, షీట్లు, నెత్తురు, అన్నీ వృథా. భాగ్యను మాత్రం వచ్చే గురువారం తీసుకురమ్మన్నాడు. జూన్‌లో తీసిన నెత్తురు వివరాలు ఉన్నాయి కాబట్టి పోల్చి చూస్తారట. ఒక్కరితో ఏదీ తేలదు, అయినా సగం పొడికే ఇంత మారిందంటే రాసిపెట్టుకోవాల్సిన సంగతే అన్నాడట.

సగం పొడి.

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నోరుంది నాకు.

అక్టోబర్ 11

చెప్తే — నాలుగు నెలలు అక్కా అక్కా అని తాగింది. నేను పోసిందేంటో తెలుస్తుంది. తెలిశాక ఆ వేళ్లు మళ్లీ బిగుసుకుంటే? నమ్మకంతోనే కదులుతున్నాయేమో అవి. చెప్పకపోతే డాక్టరు తప్పు రాసుకుంటాడు. ఆ రాత చూసి ఇంకెవరో నాలాంటిది పరగడుపున గ్లాసు పట్టుకుని కూర్చుంటుంది.

అక్టోబర్ 13

ఆయనతో చెప్దామనుకున్నాను. "మళ్ల ఆ పొడి ముచ్చటేనా" అన్నాడు. ఆపేశాను.

అక్టోబర్ 14

రోజూ ఒక గ్లాసు. దాచిపెట్టిన ప్యాకెట్లలోదని చెప్పి. ఆపలేకపోతున్నాను.

అక్టోబర్ 16, గురువారం

ఏడు దాటింది. ఎనిమిదింబావు బస్సు.

ఇందాక భాగ్య నా జడ వేసింది. నాకు చేతులు పైకి లేవవు, ఇన్నాళ్లూ ఎలాగో ముడి చుట్టి క్లిప్పు గుచ్చుకునేదాన్ని. వెనక కూర్చుని చిక్కు తీసింది, మూడు పాయలు తీసింది. వెనక ఉన్న మనిషికి చెప్పడం తేలికనుకున్నాను, మొహం కనబడదు కదా. "భాగ్యా" అన్నాను. "నొస్తుందా అక్క? మెల్లగ ఏస్త" అంది. ఇంకా మెల్లగా వేసింది. అయిపోయింది జడ. చెప్పలేదు.

చీర కట్టుకుంటోంది ఇప్పుడు. దసరాకు కొన్న చీర, దవాఖానకు.

వంటింట్లో నిలబడి రాస్తున్నాను. మజ్జిగ గ్లాసులో పోసి పెట్టాను. జొన్నపిండి డబ్బా మూత రావడం లేదు. చీమలు పడుతున్నాయని ఆయన బిగించి పెట్టాడు రాత్రి. కొంగుతో పట్టి తిప్పాను. మోకాళ్ల మధ్య పెట్టుకుని తిప్పాను. గట్టుకేసి కొట్టాను. దాచిపెట్టిన ప్యాకెట్లన్నాను కానీ ఇక్కడ ఒక్క కవరు కూడా లేదు, ఈ డబ్బా తప్ప.

చప్పుడు విన్నట్టుంది.

"మూత రాలేదా అక్క? ఉండు, నేనొస్తున్న."