పెద్దకర్మకు ఎమ్మెల్యేగారు వస్తారట

బావగారికి,

ఆ ఆదివారం సాయంత్రం మీ చెల్లెలు పెరుగు కోసం పటమట రోడ్డు దాటుతుంటే ఎమ్మెల్యేగారి కారు గుద్దింది. ఆమె అక్కడికక్కడే పోయింది. కారు నడుపుతున్నది ఆయనే. దిగి చూసి, వెనకే వస్తున్న ఇంకో కారెక్కి వెళ్ళిపోయారు. నేను మా గుమ్మంలోంచి చూశాను.

స్టేషన్‌లో లొంగిపోయింది మాత్రం డ్రైవరు. "కంగారులో మీరు సరిగ్గా చూసుండరండీ" అన్నారు ఎస్సైగారు.

ఇప్పుడు వీధి మొదట్లో సంతాపం ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫొటో నిలువెత్తున, మీ చెల్లెలిది ఓ మూలన. పెద్దకర్మకు వచ్చి దండ కూడా వేస్తారట. "వస్తానన్న మనిషిని వద్దంటే ఏం బాగుంటుంది బావా?" అని మీరే ఫోన్ చేశారు. ఆయన చేతి దండతో ఆమె ఫొటో గోడకు ఎలా తగిలించమంటారు?

ఆయన్ని గడప తొక్కనివ్వను. రేపు పొద్దున్నే కోర్టుకు వెళ్ళి, కారు నడిపింది ఎవరో మేజిస్ట్రేటు ముందు చెబుతాను. మీరూ వస్తే బాగుంటుంది. రాకపోయినా వెళ్తాను.