నౌఫెల్ పెట్టె

ఒల్ఫా, నీ మాటే నెగ్గింది తల్లీ. పెద్ద పెట్టె అటక మీదే వదిలేసి, చేతిసంచితో బయల్దేరాను. "వచ్చేటప్పుడు ఆయన పెట్టె కూడా లాక్కురావాలి కదత్తయ్యా, రెండూ ఎలా మోస్తారు?" అని నిన్న నువ్వంటే కసిరాను. "నా కొడుకు పెట్టె నాకు బరువటే?" అన్నాను. తప్పు నాదే.

ములూఖియా కూర సన్నసెగ మీద ఉంది, మధ్యాహ్నం దాకా ఉడకాలి. మీ మామయ్యకు అన్నం తిన్నాకే మాత్రలివ్వు.

మన నౌఫెల్ చెప్పేవన్నీ పాటించాను. బట్టలు మడతపెట్టకుండా చుట్టలు చుట్టాను. పాస్‌పోర్టు నకలు విడిగా దాచాను. నీళ్ల సీసా ఖాళీగానే ఉంది, తనిఖీ దాటాక నింపుకోమనేవాడు. ప్రయాణాల సంగతి అంత తెలిసినవాడు, మస్కట్ హోటల్ గదిలో నిద్రలోనే పోయాడు. వాడి దేహం వచ్చింది కానీ పెట్టె అక్కడే ఉండిపోయింది. హోటల్ వాళ్లు సరుకుల్లో వేసి పంపుతామంటే నాకు మనసొప్పలేదు. మొగుడు పోయిన ఇద్దత్ గడువు తీరేదాకా నువ్వేమో గడప దాటకూడదు, అందుకే నేనే వెళ్తున్నాను.

ఈ చీటీ ఫ్రిజ్ మీదే ఉంచు, మామయ్యా ఆడబిడ్డలూ అందరూ చదవాలి. వాడు ఊరినుంచి రాగానే పెట్టె తెరిచి, మాసిన చొక్కాలు నానబెట్టేది ఎప్పుడూ నేనే. ఈసారి నేను తెరవను, ఎవరూ తెరవకూడదు. తాళం ఒల్ఫాకే ఇస్తాను. తను ఉతకమంటేనే ఉతుకుతాను.